గాస్కెట్టు మీదా తేదీ వేయించండి

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ



సామాన్ల కొట్టుకు వెళ్ళి కుక్కరు గాస్కెట్టు కావాలని అడిగితే కొట్టాయన వెంటనే తీసి ఇవ్వడు. ముందు ప్రశ్నలు వేస్తాడు. ఏ కంపెనీ? ఎన్ని లీటర్లు? మూత లోపలికి దిగేదా, పైన బిగించేదా? స్టీలుదా, అల్యూమినియందా? కొని ఎన్నేళ్ళయింది? అడిగిన మనిషికి సగం ప్రశ్నలకు జవాబు తెలియదు. కంపెనీ పేరు గుర్తుంటే లీటర్లు గుర్తుండవు. లీటర్లు గుర్తుంటే అదే కంపెనీలో ఆ సైజుకు రెండు రకాల మూతలున్న సంగతి అప్పుడే తెలుస్తుంది. చివరికి కొట్టాయన చెప్పేది ఒకటే మాట: "మూత పట్టుకు రామ్మా, పెట్టి చూసి ఇస్తాను." అందుకే విజయవాడ వన్ టౌన్‌లోనూ హైదరాబాదు బేగంబజార్‌లోనూ సంచిలో కుక్కరు మూత పెట్టుకుని తిరిగే ఆడవాళ్ళు కనిపిస్తారు.

పాత గాస్కెట్టు రింగు తెచ్చినా ఒక్కోసారి లాభం ఉండదు. వాడగా వాడగా రబ్బరు సాగి ఉంటుంది, లేదా ఎండి కుంచించుకుపోయి ఉంటుంది. దాని కొలతకు సరిపోయినది కుక్కరు మూతకు కాస్త వదులో బిగుతో అవుతుంది. కొట్టులో పైన మేకుకు గుత్తులుగా వేలాడే నల్లటి రింగుల్లో చాలావాటి మీద ఏ గుర్తూ ఉండదు. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, ఏ కుక్కరుకు చేశారో కొన్నవాళ్ళకూ తెలియదు, అమ్మినవాళ్ళకూ తెలియదు.

ఈ లేఖ ఆ రింగు గురించి, దానిలాంటి మరికొన్ని చిన్న వస్తువుల గురించి. మిక్సీ జారు అడుగున ఉండే బుష్, మోటారు మీద కూర్చునే కప్లరు, కుక్కరు సేఫ్టీ ప్లగ్గు, గ్రైండరు బెల్టు. వీటిలో ఒక్కటి దొరక్కపోతే వేల రూపాయల వస్తువు అటక ఎక్కుతుంది. దేశంలో మరమ్మతు హక్కు గురించి మాట్లాడుతున్నది తమరి శాఖే కాబట్టి ఈ మాట తమరికే చెప్పాలి.

కుక్కరు చేసే పని చాలా సూటిగా ఉంటుంది. ఆవిరిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో అదనపు ఒత్తిడి దగ్గర వెయిట్ లేచి విజిల్ వేస్తుంది. ఆ ఒత్తిడిలో నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర ఆగకుండా 120 డిగ్రీల సెల్సియస్ వరకూ వేడెక్కుతాయి. గిన్నెలో ముప్పావుగంట పట్టే కందిపప్పు నాలుగు విజిల్స్‌లో మెత్తబడేది అందుకే. ఇందులో గాస్కెట్టు పని మూతకూ గిన్నెకూ మధ్య సందు లేకుండా చూడటం. అది గట్టిపడిందంటే ఆవిరి పక్కనుంచి పోతుంది, విజిల్ రాదు, నీళ్ళు ఇంకిపోయి అడుగంటుతుంది. గ్యాసు ఖర్చు సంగతి సరేసరి.

విజిల్ రాని కుక్కరుతో ఇల్లాళ్ళు పడే తిప్పలు చూస్తే వాళ్ళ ఉపాయాలకు ఆశ్చర్యం వేస్తుంది. రింగును కాసేపు ఫ్రీజరులో పెట్టి తీస్తారు. చల్లదనానికి రబ్బరు కొంచెం బిగుస్తుంది, ఆ పూటకు పని గడుస్తుంది. గోధుమపిండి ముద్దను సన్నని తాడులా చేసి మూత చుట్టూ అంటిస్తారు. రింగు కింద దారం చుట్టేవాళ్ళూ ఉన్నారు. ఫ్రీజరు చిట్కా ఒక్క పూటకైతే పరవాలేదు. పిండి, దారం మాత్రం వద్దేవద్దు. పిండి ముక్క ఊడి ఆవిరి గొట్టానికి అడ్డం పడితే విజిల్ దగ్గరే ప్రమాదం కూర్చుంటుంది. సరైన రింగు వీధి చివర దొరికితే ఇలాంటి పనులు ఎవరూ చెయ్యరు.

సేఫ్టీ ప్లగ్గు సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. కుక్కరులో నీళ్ళు ఇంకిపోయి వేడి హద్దు దాటితే ఆ ప్లగ్గులో ఉండే తక్కువ వేడికే కరిగే లోహం కరిగి ఆవిరిని వదిలేస్తుంది. ఒకసారి కరిగిన ప్లగ్గు మళ్ళీ పనికిరాదు. అదే కంపెనీది, అదే మోడలుది కొత్తది వేయాలి. అది ఊళ్ళో దొరకదు. దొరికినదాన్ని బిగిస్తారు. అది ఎంత వేడికి కరుగుతుందో ఎవరికీ తెలియదు. ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు ఆ కుక్కరు పక్కన నిలబడే మనిషి ప్రాణం ఆ చిన్న లోహపు ముక్క మీద ఆధారపడి ఉంది.

ప్రభుత్వం ఈ విషయంలో ఏమీ చెయ్యలేదని ఎవరూ అనరు. ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్లకు ఐఎస్ 2347 అనే ప్రమాణం ఉంది. 2021 ఫిబ్రవరి 1 నుంచి ఐఎస్‌ఐ ముద్ర లేకుండా కుక్కరు అమ్మకూడదని నిబంధన వచ్చింది. ముద్ర లేని కుక్కర్లను ఆన్‌లైన్‌లో అమ్మనిచ్చిన సంస్థల మీద వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చర్యలు కూడా తీసుకుంది. ఇదంతా మంచి పని. రబ్బరు గాస్కెట్టుకు విడిగా ఐఎస్ 7466 అనే ప్రమాణమూ ఉంది. కానీ కుక్కరు కొనేటప్పుడు ముద్ర కోసం వెతికే చెయ్యి గాస్కెట్టు కొనేటప్పుడు వెతకదు. వెతికినా మేకుకు వేలాడే రింగు మీద కనిపించేదేమీ ఉండదు. కుక్కరు పదిహేనేళ్ళు వాడతారు. ఆ పదిహేనేళ్ళలో ఎన్నో రింగులు మారతాయి. కొన్న రోజు భద్రంగా ఉన్న కుక్కరు పదో ఏట కూడా అలాగే ఉండాలంటే ఆ రింగులన్నింటికీ ముద్ర ఉండాలి.

ఏం చెయ్యాలో చూడటానికి తమరు ఎక్కడికీ పోనక్కర్లేదు. ఏ వంటింట్లోనైనా గ్యాసు సిలిండరు చూస్తే చాలు. సిలిండరు మెడ చుట్టూ ఉండే నిలువు పట్టీల లోపలి వైపు ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం రాసి ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా. డి-27 అని ఉంటే 2027 డిసెంబరు లోపల ఆ సిలిండరు మళ్ళీ పరీక్షకు వెళ్ళాలి. స్టవ్వుకు బిగించే సురక్ష పైపు మీద కూడా తేదీ అచ్చు వేసి ఉంటుంది. అయిదేళ్ళు దాటితే మార్చాలి. బడికి వెళ్ళే పిల్లలు కూడా ఈ అక్షరాలు చదివి ఇంట్లో చెబుతున్నారు. అదే వంటింట్లో, అదే మంట మీద కూర్చునే కుక్కరు రింగుకు ఆ భాగ్యం ఎందుకు లేదు? తయారైన నెల, సంవత్సరం, సరిపోయే కుక్కరు సంఖ్య, ఈ మూడూ రబ్బరు మీద పోత పోసేటప్పుడే అచ్చులో వచ్చేలా చెయ్యవచ్చు. అదే సంఖ్య కుక్కరు అడుగున లీటర్ల పక్కన కొట్టి ఉంటే కొట్టాయన ప్రశ్నలు వెయ్యక్కర్లేదు, మూత సంచిలో పెట్టుకుని బస్సెక్కనక్కర్లేదు.

ఇక మిక్సీ.

తెలుగు వంటింట్లో మిక్సీ పడే చాకిరీ మామూలుది కాదు. పొద్దున ఇడ్లీలోకి పల్లీ చట్నీ, మధ్యాహ్నం గోంగూరో దోసకాయో పచ్చడి, వారానికోసారి కంది పొడో కారప్పొడో, ఎండాకాలం వస్తే ఆవకాయకు ఆవపిండి. మూడు జార్లిస్తారు కదా అని మూడూ సమానంగా అరగవు. ముందుగా పోయేది చట్నీ జారు. రోజూ తిరిగేది అదే.

రిపేరు కొట్లో ఆ జారును చూసే పద్ధతి నేర్చుకోదగ్గది. మెకానిక్ ముందు జారును బోర్లిస్తాడు. అడుగున ఉన్న కప్లరును బొటనవేలితో తిప్పి చూస్తాడు. సాఫీగా తిరగాలి. తర్వాత దాన్ని పట్టుకుని పక్కలకు ఊపుతాడు. అల్లాడితే బుష్ అరిగిపోయినట్టే. ఆ తర్వాత జారులో గ్లాసెడు నీళ్ళు పోసి తెల్ల కాగితం మీద పెడతాడు. కాసేపటికి కాగితం మీద నల్లటి చెమ్మ దిగితే ఇక అనుమానం లేదు. ఆ నలుపు బుష్‌లోని జిడ్డు, అరిగిన లోహం. కిందికి దిగినట్టే అది పైకి చట్నీలోకీ పోతుంది. కిందికి దిగిన తడి మోటారు బేరింగులోకి చేరి, దాన్నీ తుప్పు పట్టిస్తుంది. చిన్న బుష్ సమయానికి మార్చకపోతే మొత్తం మోటారు పోతుంది. ఇదంతా ఆయన రెండు నిమిషాల్లో తేలుస్తాడు. తేల్చాక చెప్పే మాట మాత్రం తరచుగా ఒకటే: "ఈ మోడలుకు బుష్ విడిగా రాదండీ, జారే కొనాలి." జారు కోసం వెళితే ఆ మోడలే ఆగిపోయిందంటారు. బ్లేడు పదునుగానే ఉంటుంది, స్టీలు గిన్నె నిగనిగలాడుతూనే ఉంటుంది, మోటారు హాయిగా తిరుగుతుంది. వేలెడంత ఇత్తడి గొట్టం దొరక్క అంతా పక్కకు పోతుంది.

కొన్ని కంపెనీలు బుష్, బ్లేడు, కప్లరు విడివిడిగా అమ్ముతాయి. వాటిని మెచ్చుకోవాలి. ఏ కంపెనీ అమ్ముతుందో, ఎన్నేళ్ళు అమ్ముతుందో కొనేముందు తెలుసుకునే దారి మాత్రం లేదు. డబ్బా మీద వాట్లు పెద్దక్షరాల్లో ఉంటాయి. మోటారుకు ఎన్నేళ్ళ వారంటీయో ఉంటుంది. జారు బుష్ పదేళ్ళ తర్వాత కూడా దొరుకుతుందా అన్నది ఎక్కడా ఉండదు. కొనేవాళ్ళకు నిజంగా కావలసిన సమాచారం అదే. 500 వాట్లదా 750 వాట్లదా అన్న తేడా ఇడ్లీ చట్నీకి పెద్దగా తెలియదు.

మన దేశంలో మిక్సీ పుట్టుకే మరమ్మతు దొరకని కష్టంలోంచి వచ్చింది. 1960లలో ముంబైలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో జర్మనీ మిక్సరు ఒకటి ఉండేది. పళ్ళ రసాలకు, కేకు పిండికి చేసిన యంత్రం మన పప్పులూ మసాలాలూ తట్టుకోలేక కాలిపోయింది. ఇక్కడ బాగుచేసే దిక్కు లేదు. ఆయన భార్య మాధురీ మాథుర్ మన వంటకు తగ్గ యంత్రం నువ్వే ఎందుకు చెయ్యకూడదని పట్టుబట్టారు. అలా వచ్చింది సుమీత్ మిక్సీ. ఎండు మసాలాలకూ తడి పిండికీ తట్టుకునే మోటారుతో దక్షిణాది వంటిళ్ళలో రోలు పక్కన చోటు సంపాదించింది. ఎక్కడో తయారైన వస్తువు మన ఊళ్ళో బాగుపడదన్న బాధ తీరడానికి పుట్టిన యంత్రం ఇప్పుడు ఇక్కడే తయారై, ఇక్కడ బాగుపడకుండా పోవడం తమరు ఆలోచించవలసిన విషయం.

2022 జులైలో తమరి శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు తీసుకుంది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభమైంది. 2024లో మరమ్మతు సూచీ కోసం ఇంకో కమిటీ వచ్చింది. 2025 మేలో అది నివేదిక ఇచ్చింది. ఫోను విప్పడం ఎంత సులువు, విడిభాగాలు ఎంత త్వరగా దొరుకుతాయి, ఎలాంటి స్క్రూలు, ఎలాంటి పనిముట్లు కావాలి, బాగుచేసే సమాచారం ఇస్తున్నారా లేదా అని చూసి మార్కులు వెయ్యాలని సూచించింది. మొదటి విడతలో స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు.

ఆలోచన చాలా బాగుంది. వరస మాత్రం మార్చవలసింది. ఫోను అద్దం పగిలితే బాగుచేసే కొట్లు మండల కేంద్రంలో కూడా బోలెడు ఉన్నాయి. ఫోను పాతబడేది విడిభాగం దొరక్క ఎంతో, సాఫ్ట్‌వేర్ ఆగిపోయి అంతకంటే ఎక్కువ. మిక్సీకి, కుక్కరుకు, వెట్ గ్రైండరుకు సాఫ్ట్‌వేర్ గొడవ లేదు. పదేళ్ళ కిందటి మిక్సీ మోటారు ఇవాళ్టి మిక్సీ మోటారు సూత్రం మీదే తిరుగుతుంది. అరిగేవి నాలుగైదు భాగాలు, అవి ఏవో వీధి చివరి మెకానిక్‌కు కూడా తెలుసు. మార్కులు వెయ్యడం ఇంత తేలికైన వస్తువు ఇంకొకటి లేదు. ఫోన్ల తర్వాత ఎప్పుడో అనకుండా వంటింటి సామాన్లను వాటితో పాటే చేర్చండి.

చేర్చినప్పుడు చూడవలసిన విషయాలు కొన్ని కొట్లో నిలబడితేనే తెలుస్తాయి. మిక్సీలో ఉండేది కార్బన్ బ్రష్షులున్న మోటారు. నిమిషానికి 15 నుంచి 20 వేల చుట్లు తిరిగేలా చేసినది. ఆ వేగానికి బ్రష్షులు అరిగి చిన్నబడతాయి, నిప్పురవ్వలు వస్తాయి, కాలిన వాసన వేస్తుంది. బ్రష్షులు చవక. వడ్రంగి చేతిలోని డ్రిల్లింగ్ మెషీనులో ఉండేదీ ఇదే జాతి మోటారు. చాలా డ్రిల్లులకు బ్రష్షులు బయటి నుంచే మార్చుకునేలా రెండు పక్కలా స్క్రూ మూతలుంటాయి. వడ్రంగి పని మధ్యలోనే మూత విప్పి కొత్త బ్రష్షులు వేసుకుని మళ్ళీ గోడకు రంధ్రం వేస్తాడు. మిక్సీకి మాత్రం అడుగంతా విప్పాలి. కొన్ని కొత్త మోడళ్ళలో విప్పడానికి స్క్రూలు కూడా ఉండవు, ఒకసారి ఊడదీస్తే విరిగిపోయే ప్లాస్టిక్ కొక్కేలుంటాయి. డ్రిల్లుకు చెయ్యగలిగినది మిక్సీకి చెయ్యలేకపోవడానికి సాంకేతికమైన అడ్డు ఏమీ కనబడదు. అడిగేవాళ్ళు లేరు, అంతే. తమరు అడగండి.

కొలతలు కలవాలన్న మాట ఎత్తితే కంపెనీలకు నచ్చదు. కానీ ఇంట్లో ఏ కంపెనీ బల్బైనా ఏ కంపెనీ హోల్డరులోనైనా పడుతుంది, 22 మిల్లీమీటర్ల కొలత అందరూ పాటిస్తారు కాబట్టి. ఫోన్ల ఛార్జర్లకు ఒకే రకం మొన ఉండాలని తమరి శాఖే పట్టుబట్టింది. టైప్-సికి భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణం కూడా తెచ్చింది. మూడు లీటర్ల, అయిదు లీటర్ల పై మూత కుక్కర్లకు రింగు కొలతలు రెండు మూడుకు కుదించవచ్చు. మిక్సీ కప్లర్ల పళ్ళు, మరలు కూడా అంతే. కొత్తగా తయారయ్యే వాటికి ఇప్పుడు మొదలుపెడితే పదేళ్ళలో బజారంతా సర్దుకుంటుంది.

యూరప్‌లో దీనికి దారి వేశారు. 2021 మార్చి నుంచి అక్కడ అమ్మే వాషింగ్ మెషీన్లకు ముఖ్యమైన విడిభాగాలు మోడలు అమ్మకం ఆపాక కూడా పదేళ్ళు దొరకాలి. ఫ్రిజ్‌లకు చాలా భాగాలు ఏడేళ్ళు, తలుపు గాస్కెట్టు మాత్రం పదేళ్ళు. చట్టం రాసినవాళ్ళు రబ్బరు పట్టీని విడిగా గుర్తుపెట్టుకుని దానికి మూడేళ్ళు ఎక్కువ ఇచ్చారు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచే కొన్ని వస్తువుల మీద మరమ్మతు మార్కులు ధర పక్కనే కనిపిస్తున్నాయి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలతో పాటు వాషింగ్ మెషీను, గడ్డి కోసే యంత్రం కూడా మొదటి జాబితాలోనే ఉన్నాయి. వాళ్ళ ఇళ్ళకు గడ్డి కోసే యంత్రం ఎలాగో మన ఇళ్ళకు మిక్సీ అలాగ.

కంపెనీలు ఏమంటాయో ఊహించవచ్చు. బయటి మెకానిక్ చేతిలో పెడితే భద్రత పోతుంది అంటాయి. అసలు భాగం బయట దొరకనప్పుడే మెకానిక్ నకిలీ భాగం వేస్తాడు. అసలుది ముద్రతో, సంఖ్యతో, అందరికీ దొరికే ధరకు బజారులో ఉంటే నకిలీని ఎవరు కొంటారు? కార్ల విషయంలో ఈ వాదన ఒకసారి విన్నాం. విడిభాగాలను బయట అమ్మకుండా తమ డీలర్ల దగ్గరే ఉంచుకున్నందుకు 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ పద్నాలుగు కార్ల కంపెనీలకు 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. అది తర్వాత అప్పీళ్ళకు వెళ్ళింది. అయినా విడిభాగాన్ని దాచిపెట్టడం తప్పని ఒక చట్టబద్ధమైన సంస్థ రాసి పెట్టింది. కార్లకు వర్తించిన న్యాయం కుక్కర్లకూ వర్తించాలి. కుక్కరున్న ఇళ్ళు కారున్న ఇళ్ళకంటే చాలా ఎక్కువ.

డబ్బాలో వచ్చే పుస్తకం సంగతి కూడా చెప్పుకోవాలి. ఇంగ్లీషులో ఉంటుంది, హిందీలో ఉంటుంది. తెలుగులో ఉన్నవి తక్కువ. మిక్సీ అడుగున చిన్న ఎర్ర బొత్తాం ఉంటుంది. మోటారు మీద భారం ఎక్కువైనప్పుడు అది తనంతట తాను కరెంటు ఆపేస్తుంది. కాసేపు చల్లారనిచ్చి, ప్లగ్గు తీసి, జారులో సరుకు తగ్గించి, బొత్తాం లోపలికి నొక్కితే మిక్సీ మళ్ళీ తిరుగుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక మిక్సీ కాలిపోయిందనుకుని రిపేరు కొట్టుకు మోసుకుపోయేవాళ్ళు ఎందరో. చాలా మిక్సీల్లో మోటారు మీది కప్లరు మర ఎదురు దిశలో ఉంటుంది. మామూలు మర అనుకుని తిప్పితే ఊడే బదులు ఇంకా బిగుస్తుంది, బలం పెడితే పగులుతుంది. పప్పు పొంగేది కాబట్టి కుక్కరులో సగానికి మించి పోయకూడదు. మిగతావాటికైనా మూడింట రెండు వంతులు దాటకూడదు. పొంగిన పప్పు నురుగే ఆవిరి గొట్టంలో గడ్డకట్టేది. మూత పెట్టేముందు గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూడాలి, అవతలి వైపు కనిపించాలి. వాడనప్పుడు రింగు మూతకే బిగించి ఉంచకుండా విడిగా తీసి కడిగి ఆరబెట్టాలి. ఇవి నాలుగు తెలుగు వాక్యాల్లో వస్తువు మీదే స్టిక్కరు వేసే విషయాలు. పుస్తకం వారం తిరిగేసరికి పోతుంది. స్టిక్కరు ఉంటుంది.

తెలుగు ఊళ్ళకు మరమ్మతు కొత్త కాదు. బిందె చిల్లిపడితే మాటు వేసేవాళ్ళు, రోలు నున్నబడితే ఉలితో గంట్లు కొట్టేవాళ్ళు, కత్తిపీటకు సాన పట్టేవాళ్ళు వీధిలోకే వచ్చేవారు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే మనిషి గిన్నెను ఇసుకతో తోమి, కొలిమి మీద కాల్చి, నవాసాగరం చల్లేవాడు. గుప్పున తెల్లటి పొగ లేచేది, ముక్కు ఘాటెక్కేది. ఆ వేడి మీద తగరం ముక్క తాకించి దూదితో ఒక్క తుడుపు తుడిస్తే నల్లటి అడుగంతా వెండిలా మెరిసేది. 232 డిగ్రీలకే కరిగే తగరానికి అంతకంటే పెద్ద కొలిమి అక్కర్లేదు. ఆ పని నడిచింది తగరం, నవాసాగరం ఏ అంగట్లోనైనా దొరికేవి కాబట్టి. తెలిసిన చేయి ఇప్పుడూ ఉంది, మిక్సీ బాగుచేసేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. సరుకు కంపెనీ గోదాములో ఉండిపోయింది.

వెట్ గ్రైండరు ఈ విషయంలో ఇప్పటికీ మంచి వస్తువు. కోయంబత్తూరులో పుట్టి పెరిగిన పరిశ్రమ అది, ఆ ఊరి గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రాయి అరిగితే మళ్ళీ గంట్లు కొట్టిస్తారు, బెల్టు తెగితే మారుస్తారు, మిక్సీ మోటారుకంటే ఎంతో నిదానంగా తిరిగే మోటారు ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. గారెల పిండి వేడెక్కకుండా పొంగుతుంది. సూచీ మొదలుపెడితే ముందు దానికి మార్కులు వేసి చూడండి. మిగతా కంపెనీలు ఎక్కడ తగ్గాయో వెంటనే తెలుస్తుంది.

సముద్రాలు దాటిన తెలుగువాళ్ళకూ ఇదే బాధ. అమెరికా కరెంటు 120 వోల్టులు, మన మిక్సీ 230కి చేసినది. అందుకే అక్కడికి తగ్గట్టు చేసిన మిక్సీ కొంటారు. జారు పోతే అక్కడ సులభంగా దొరకదు. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల పెట్టెలో ఆవకాయ సీసా పక్కన చట్నీ జారు, రెండు కప్లర్లు ప్రయాణం చేస్తాయి. భాగం సంఖ్య వస్తువు మీదే ఉంటే సరైన జారే పెట్టెలో పడుతుంది.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు పాత ఎలక్ట్రిక్ సామాన్లను రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి. వస్తువు చెత్తగా మారాక ఎవరిది బాధ్యతో తేల్చారు. అది చెత్తగా మారకముందు పదేళ్ళు భాగాలు అందించే బాధ్యత కూడా వాళ్ళదేనని ఒక నిబంధన రాయండి. వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు తెలుగులోనూ ఫిర్యాదు చెయ్యవచ్చు. అందులో విడిభాగం దొరకలేదన్న ఫిర్యాదుకు విడిగా ఒక పద్దు తెరవండి. ఏ కంపెనీ, ఏ మోడలు, ఏ భాగం అన్నది ప్రతి మూడు నెలలకూ ప్రకటించండి.

చివరగా ఒక విన్నపం, ఇది మిగతావాటికంటే తొందరగా అయ్యే పని. భారతీయ ప్రమాణాల సంస్థ ఏ ప్రమాణం రాసినా ముసాయిదాను ప్రజల అభిప్రాయానికి పెడుతుంది. మిక్సీకి, కుక్కరుకు, గాస్కెట్టుకు సంబంధించిన ముసాయిదాలు తెలుగులో కూడా పెట్టించండి. వాటిని రాసే సంఘాల్లో కంపెనీల ఇంజనీర్లతో పాటు ఇరవై ఏళ్ళు మిక్సీలు బాగుచేసిన మెకానిక్ ఒకరు, కుక్కర్ల సరుకు అమ్మే చిల్లర కొట్టాయన ఒకరు, రోజుకు మూడుసార్లు ఆ కుక్కరు మూత బిగించే ఇల్లాలు ఒకరు కూర్చునేలా చూడండి. వాళ్ళ రైలు ఖర్చులు, ఆ రోజు కూలీ సంస్థే భరించాలి. మాటలు వాళ్ళ భాషలోనే రాసుకోవాలి.


ఒక వినియోగదారు